ఆర్థోగోనల్ బహుపదుల నిర్మాణం: గుర్తుల దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో ఎమ్మెస్సీ పాఠాలు చెప్పేవారి దగ్గరకు ఈ ఒక్క అధ్యాయం పట్టుకుని రకరకాల విద్యార్థులు వస్తారు. గణితం వారికి ఇది లీనియర్ ఆల్జీబ్రాలో చివరి పాఠం. భౌతికశాస్త్రం వారికి క్వాంటం మెకానిక్స్‌లో మొదటి తలనొప్పి. గణాంకశాస్త్రం వారికి రిగ్రెషన్ పాఠం వెనుక ఉండే పట్టిక. సముద్రశాస్త్రం వారికి కొలతలను నునుపు చేసే పద్ధతి. లెక్క అందరిదీ ఒకటే, రాసే తీరు మాత్రం ఏ ఇద్దరిదీ ఒకటి కాదు. అందుకే ఏటా అవే సందేహాలు తిరిగి వస్తుంటాయి. వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాను. ఎక్కడ ఆగిపోయారో నేరుగా అక్కడికే వెళ్లవచ్చు.

గుర్తులను బోర్డు ముందు పైకి చదివినట్టే తెలుగులో రాశాను: ఎక్స్, పి, డబ్ల్యూ. కింద రాసే సూచిక అంకె అయితే పి₂ అని, అక్షరం అయితే పి_ఎన్ అని కనిపిస్తుంది. విడిగా చెప్పనంతవరకు పి అంటే చిన్న పి.

## లెక్క మొదలుపెట్టే ముందు

"మొదటి మూడు ఆర్థోగోనల్ బహుపదులను కనుక్కోండి" అని మాత్రమే ఇచ్చారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

అంతే ఇస్తే ప్రశ్న సగమే ఇచ్చినట్టు. రెండు బహుపదులనూ, వెయిట్ అనే ఒక ప్రమేయాన్నీ కలిపి గుణించి, అంతరం మీద సమాకలనం చేస్తే సున్నా వస్తే అవి ఆర్థోగోనల్; ఆ సమాకలనం పేరే ఇన్నర్ ప్రాడక్ట్. ఏ అంతరం మీద, ఏ వెయిట్‌తో అన్నది తెలియకుండా ఆర్థోగోనల్ అనే మాటకు అర్థం లేదు. అంతరం [−1, 1], వెయిట్ 1 అయితే రెండో పరిమాణపు బహుపది ఎక్స్² − 1/3. వెయిట్‌ను అలాగే ఉంచి అంతరాన్ని [0, 1] చేస్తే అది ఎక్స్² − ఎక్స్ + 1/6 అవుతుంది. ఈ రెండూ తెలిసినా ఇంకొకటి మిగులుతుంది: స్కేలు. ఎక్స్² − 1/3 సరైనదైతే 3ఎక్స్² − 1 కూడా అంతే సరైనది, ఎందుకంటే ఏ స్థిరాంకంతో గుణించినా ఆర్థోగోనాలిటీ చెడదు. పి₂ అనే గుర్తు ఈ మూడింటిలో ఒక్కదాన్నీ బయటపెట్టదు, మూడింటినీ మింగేసి కూర్చుంటుంది. ఈ అధ్యాయంలో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం గణనలో జరిగినవి కావు, ఒక పుస్తకం అంతరాన్నీ మరో పుస్తకం స్కేలునీ కలపడం వల్ల వచ్చినవి. అందుకే పేజీ పైన అంతరం, వెయిట్, స్కేలు రాసుకున్నాకే కలం కదపమంటాను.

పి_ఎన్‌లో ఎన్ దేనిని సూచిస్తుంది? ఎన్నో బహుపది అనా, పరిమాణమా?

ఈ అధ్యాయంలో దాదాపు ఎప్పుడూ పరిమాణమే. పి₀ స్థిరాంకం, పి₁ ఒకటో పరిమాణం, పి₂ రెండో పరిమాణం. కాబట్టి "మొదటి మూడు" అంటే పి₀, పి₁, పి₂. పి₃ దాకా వెళ్లనవసరం లేదు. లీనియర్ ఆల్జీబ్రాలో సదిశలను 1 నుంచి లెక్కించే అలవాటు వల్ల కొందరు అధ్యాపకులు పి₁ = 1, పి₂ = ఎక్స్ అని రాస్తారు. అది తప్పేమీ కాదు. కాకపోతే అక్కడ పరిమాణం సూచిక కంటే ఒకటి తక్కువ అవుతుంది. మొదటి వరుస చదవగానే పక్కన గుర్తు పెట్టుకోండి.

పి_ఎన్ అని రాయడానికీ పి_ఎన్(ఎక్స్) అని రాయడానికీ తేడా ఏమిటి?

నియమం ప్రకారం పి_ఎన్ అంటే ప్రమేయం మొత్తం, పి_ఎన్(ఎక్స్) అంటే ఎక్స్ దగ్గర దాని విలువ. ఇన్నర్ ప్రాడక్ట్ లోపలికి వెళ్లేది ప్రమేయం కాబట్టి ⟨పి_ఎమ్, పి_ఎన్⟩ అని రాయడం శుభ్రంగా ఉంటుంది. ఆచరణలో అందరూ రెండూ కలిపేస్తారు, నేనూ కలిపేస్తాను. పి_ఎన్(1) లాంటివి వచ్చినప్పుడు మాత్రం జాగ్రత్త: అది సంఖ్య.

## ఇన్నర్ ప్రాడక్ట్ దగ్గర

⟨ఎఫ్, జి⟩, (ఎఫ్, జి), ⟨ఎఫ్ | జి⟩ మూడూ ఒకటేనా?

వాస్తవ ప్రమేయాలకు మూడూ ఒకటే: ∫ ఎఫ్(ఎక్స్) జి(ఎక్స్) డబ్ల్యూ(ఎక్స్) డిఎక్స్. కోణాల బ్రాకెట్ గణితం వారిది, మధ్యలో నిలువు గీత ఉన్నది డిరాక్ నుంచి భౌతికశాస్త్రానికి వచ్చింది, గుండ్రటి బ్రాకెట్ పాత పుస్తకాలది. గుండ్రటి బ్రాకెట్‌తో ఒక చిక్కుంది. (0, 1) అని కనిపిస్తే అది వివృత అంతరమో, క్రమయుగ్మమో, 0, 1 అనే స్థిర ప్రమేయాల ఇన్నర్ ప్రాడక్టో సందర్భమే చెప్పాలి. మీరు రాసేటప్పుడు కోణాల బ్రాకెట్ వాడుకోండి.

⟨ఎక్స్², 1⟩లో ఆ 1 సంఖ్యా, ప్రమేయమా?

ప్రమేయం. ప్రతి ఎక్స్‌కూ విలువ 1 ఇచ్చే స్థిర ప్రమేయం, అంటే పి₀. దాన్ని సంఖ్యగా తీసుకుని "ఎక్స్²ను 1తో గుణిస్తే ఎక్స్²" అని ఆగిపోయేవారు ఎక్కువ. ఇక్కడ గుణించాక సమాకలనం కూడా చేయాలి: [−1, 1] మీద ∫ ఎక్స్² డిఎక్స్ = 2/3.

⟨ఎక్స్, ఎక్స్⟩ విలువ 2/3 అంటున్నారు. లోపల ఎక్స్ ఉండగా జవాబులో ఎందుకు లేదు?

లోపలున్న ఎక్స్ సమాకలనానికి వాడుకున్న తాత్కాలిక చరరాశి. సమాకలనం అయ్యాక అది మిగలదు. ఇన్నర్ ప్రాడక్ట్ ఎప్పుడూ ఒక సంఖ్యనే ఇస్తుంది. నిర్మాణ సూత్రంలో ఒకే వరుసలో లోపల ఒక ఎక్స్, బయట ఇంకో ఎక్స్ ఉంటాయి కాబట్టే ఈ తికమక. లోపలిదాన్ని టి అని మార్చి ఒకసారి రాసి చూడండి: పి₂(ఎక్స్) = ఎక్స్² − (∫ టి² డిటి / ∫ 1 డిటి) · 1 − (∫ టి³ డిటి / ∫ టి² డిటి) · ఎక్స్. బ్రాకెట్లలో ఉన్నవి సంఖ్యలని వెంటనే కనిపిస్తుంది. జవాబులో ఎక్కడైనా గుణకం స్థానంలో ఎక్స్ మిగిలిందంటే సమాకలనం చేయడం మరిచారన్నమాట.

కొన్ని చోట్ల డబ్ల్యూ(ఎక్స్) డిఎక్స్ బదులు డిమ్యూ అని ఉంది. మెజర్ థియరీ చదవకుండా ముందుకు వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. డిమ్యూ కనిపించిన చోటల్లా డబ్ల్యూ(ఎక్స్) డిఎక్స్ అని చదువుకోండి, నిర్మాణం వరకు ఏ అడుగూ మారదు. డిమ్యూ అని రాయడంలో లాభం ఒకటుంది: కొన్ని బిందువుల మీద మొత్తం వేసే సందర్భం, అంతరం మీద సమాకలనం చేసే సందర్భం రెండూ ఒకే గుర్తులో ఇముడుతాయి. వెయిట్‌కు కావలసిన షరతులు తేలికైనవే. అది రుణాత్మకం కాకూడదు, అంతటా సున్నా కాకూడదు, ఎక్స్ యొక్క ప్రతి ఘాతంతోనూ దాని సమాకలనం పరిమితంగా ఉండాలి. అనంతం వరకు సాగే అంతరాల మీద వెయిట్ 1 పనికిరానిది ఈ చివరి షరతు వల్లే.

ఒక ప్రమేయం మీద అడ్డగీత ఉంది. అది సగటా?

ఈ పాఠంలో కాదు. సంకీర్ణ సంయుగ్మం. గణాంకశాస్త్రం నుంచి వచ్చినవారికి అడ్డగీత చూడగానే సగటు గుర్తుకు రావడం సహజమే. బహుపదుల గుణకాలు వాస్తవ సంఖ్యలైతే గీతను పట్టించుకోనక్కరలేదు. సంకీర్ణ సంఖ్యలైతే గీత ఎవరి మీద ఉందో చూడాలి: గణిత పుస్తకాలు సాధారణంగా రెండోదాని మీద, భౌతికశాస్త్ర పుస్తకాలు మొదటిదాని మీద వేస్తాయి. దీనివల్ల ఒకరి జవాబు మరొకరి జవాబుకు సంయుగ్మం అవుతుంది.

## గ్రామ్–ష్మిట్ దశలో

యు, వి, ఇ, క్యూ అంటూ ఇన్ని అక్షరాలు. వీటిలో మనకు ఇచ్చినవి ఏవి, మనం కట్టేవి ఏవి?

గ్రామ్–ష్మిట్ అంటే ఇచ్చిన ప్రతి ప్రమేయం నుంచి, ఇదివరకే కట్టినవాటి దిశలో ఉన్న భాగాన్ని తీసేసి కొత్తది కట్టే పద్ధతి. ఏది ఏదో అక్షరాన్ని బట్టి చెప్పలేం, సమీకరణంలో స్థానాన్ని బట్టి చెప్పాలి. ఎడమ వైపు ఒంటరిగా ఉన్నది కొత్తది. కుడి వైపు మొదటి పదంగా, తీసివేత గుర్తుకు ముందు ఉన్నది ఇచ్చినది. తీసివేసే పదాల్లో ఉన్నవి ఇదివరకే కట్టినవి. బహుపదుల విషయంలో ఇచ్చినవి ఎప్పుడూ 1, ఎక్స్, ఎక్స్², ఎక్స్³… కాబట్టి పని ఇంకా తేలిక.

పేర్ల సంగతి చెప్పాలంటే, గ్రామ్ వ్యాసం 1883 నాటిది, ష్మిట్ వ్యాసం 1907 నాటిది. ఈ ఆలోచన వారికంటే ముందు లాప్లాస్ పనిలోనూ కనిపిస్తుంది. ఇంతమంది చేతుల మీదుగా వచ్చిన పద్ధతికి ఒకే అక్షరమాల ఉండాలని ఆశించడం అత్యాశే.

మొత్తం గుర్తు మీద ఎన్ − 1 ఎందుకు ఉంది? ఎన్ = 0 పెడితే ఏమవుతుంది?

పి_ఎన్ = ఎక్స్^ఎన్ − ∑ (⟨ఎక్స్^ఎన్, పి_కె⟩ / ⟨పి_కె, పి_కె⟩) పి_కె అన్న సూత్రంలో కె 0 నుంచి ఎన్ − 1 దాకా పోతుంది. ఇదివరకే కట్టిన బహుపదులు అవే కాబట్టి. ఎన్ = 0 అయితే కట్టినవేవీ లేవు, మొత్తంలో పదాలు లేవు. పదాలు లేని మొత్తం విలువ సున్నా. అందుకే పి₀ = 1. పైన ఎన్ అని పొరపాటున రాస్తే పి_ఎన్‌ను పి_ఎన్ సాయంతోనే కట్టే గుండ్రం తిరుగుడు వస్తుంది.

మా పుస్తకంలో హారంలో ⟨పి_కె, పి_కె⟩ ఉంది. స్నేహితుడి పుస్తకంలో హారమే లేదు. ఏది నమ్మాలి?

రెండూ నమ్మండి. స్నేహితుడి పుస్తకం ప్రతి బహుపదినీ కట్టగానే దాని నార్మ్‌తో, అంటే √⟨పి_కె, పి_కె⟩తో, భాగిస్తుంది. అప్పుడు ⟨పి_కె, పి_కె⟩ = 1, హారం రాయనవసరం లేదు. మీ పుస్తకం ఆ భాగహారాన్ని చివరకు వాయిదా వేసింది. ప్రమాదమల్లా భాగించని బహుపదులను హారం లేని సూత్రంలో పెట్టడమే. చేత్తో చేసేవారికి నా సలహా: హారం ఉంచుకోండి, వర్గమూలాలను చివరిదాకా దూరంగా పెట్టండి. లేకపోతే పి₃ దగ్గరకు వచ్చేసరికి పేజీ నిండా √2, √3, √5 పోగవుతాయి.

ఒక్కసారి గుర్తులతో కాకుండా అంకెలతో పి₃ దాకా చూపించగలరా?

అంతరం [−1, 1], వెయిట్ 1, స్కేలు మోనిక్, అంటే అత్యధిక ఘాతం గుణకం 1.

పి₀ = 1. ⟨పి₀, పి₀⟩ = 2.

పి₁ = ఎక్స్ − (⟨ఎక్స్, 1⟩ / 2) · 1. బేసి ప్రమేయం కాబట్టి లవం సున్నా. పి₁ = ఎక్స్, ⟨పి₁, పి₁⟩ = 2/3.

పి₂ = ఎక్స్² − ((2/3) / 2) · 1 − (0 / (2/3)) · ఎక్స్ = ఎక్స్² − 1/3. ⟨పి₂, పి₂⟩ = 8/45.

పి₃ = ఎక్స్³ − 0 − (⟨ఎక్స్³, ఎక్స్⟩ / (2/3)) · ఎక్స్ − 0. ఇక్కడ ⟨ఎక్స్³, ఎక్స్⟩ = 2/5 కాబట్టి పి₃ = ఎక్స్³ − (3/5) ఎక్స్. ⟨పి₃, పి₃⟩ = 8/175.

సరి, బేసి ప్రమేయాల జత వచ్చిన ప్రతిచోటా సున్నా వచ్చింది. అంతరం సున్నాకు రెండు వైపులా సమానంగా ఉండి, వెయిట్ సరి ప్రమేయం అయినప్పుడే ఈ సౌలభ్యం. [0, 1] మీద ఇదే అలవాటుగా సున్నాలు వేస్తే లెక్క మొదటి అడుగులోనే పోతుంది.

నిర్ధారకం సూత్రంలో చివరి వరుసలో 1, ఎక్స్, ఎక్స్² ఉన్నాయి. సంఖ్యల మధ్య ప్రమేయాలు ఎలా ఉంటాయి?

అది విస్తరించడానికి ఇచ్చిన వంటకం అనుకోండి. మిగతా వరుసల్లో మొమెంట్లు, అంటే ∫ ఎక్స్^కె డబ్ల్యూ డిఎక్స్ విలువలు ఉంటాయి. చివరి వరుస వెంట విస్తరిస్తే 1, ఎక్స్, ఎక్స్²లకు గుణకాలుగా మామూలు సంఖ్యలు వస్తాయి. [−1, 1] మీద మొమెంట్లు వరుసగా 2, 0, 2/3, 0. కాబట్టి వరుసలు (2, 0, 2/3), (0, 2/3, 0), (1, ఎక్స్, ఎక్స్²). విస్తరిస్తే (4/3) ఎక్స్² − 4/9. దాన్ని పై ఎడమ మూలలోని 2 × 2 నిర్ధారకం 4/3తో భాగిస్తే ఎక్స్² − 1/3.

ఆ 2 × 2 నిర్ధారకాన్ని ఒకరు డి₁ అంటారు, మరొకరు డి₂ అంటారు. ఒకరు మాత్రిక సూచికను 0 నుంచి లెక్కిస్తారు, మరొకరు మాత్రిక సైజును రాస్తారు. పేరును వదిలి, సైజు చూడండి: భాగించేది ఎప్పుడూ ఒక వరుస, ఒక నిలువు తక్కువ ఉన్నది.

## స్కేలు, నార్మ్ దగ్గర

ఎక్స్² − 1/3, (3ఎక్స్² − 1)/2, ఇంకోచోట √(5/2) · (3ఎక్స్² − 1)/2. పరీక్షలో ఏది రాయాలి?

మూడూ ఒకే బహుపది మూడు స్కేళ్లలో. మొదటిది మోనిక్. రెండోది లెజాండ్ర్ బహుపది, పెద్ద పి₂. దాని నియమం ఎక్స్ = 1 దగ్గర విలువ 1 కావడం. మూడోది ఆర్థోనార్మల్, దాని నార్మ్ 1. ప్రశ్నలో "ఆర్థోనార్మల్" అని ఉంటే మూడోదే రాయాలి. "ఆర్థోగోనల్" అని మాత్రమే ఉంటే ఏదైనా సరే, ఏ స్కేలో ఒక మాట రాస్తే దిద్దేవారు సంతోషిస్తారు.

‖పి_ఎన్‖², హెచ్_ఎన్, 2/(2ఎన్ + 1) అని మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది.

మొదటి రెండూ ⟨పి_ఎన్, పి_ఎన్⟩కి పేర్లే. మూడోది దాని విలువ, అదీ లెజాండ్ర్ స్కేలులో మాత్రమే. ఎన్ = 2కి అక్కడ 2/5 వస్తుంది, మోనిక్ స్కేలులో 8/45 వస్తుంది. లెజాండ్ర్ బహుపది మోనిక్‌కు 3/2 రెట్లు, నార్మ్ వర్గం 9/4 రెట్లు, (9/4)(8/45) = 2/5. ఈ చిన్న సరిచూపు చేసుకుంటే స్కేళ్లు కలిసిపోవు. ఇక చిన్న హెచ్_ఎన్ నార్మ్ వర్గం, పెద్ద హెచ్_ఎన్ హెర్మైట్ బహుపది. చేతిరాతలో రెండూ ఒకేలా ఉంటే ఎవరూ కాపాడలేరు.

డెల్టా కింద ఎమ్, ఎన్ రెండూ పక్కపక్కన ఉన్నాయి. గుణించాలా?

వద్దు. అది క్రోనెకర్ డెల్టా. ఎమ్, ఎన్ సమానమైతే 1, కాకపోతే 0. ⟨పి_ఎమ్, పి_ఎన్⟩ = హెచ్_ఎన్ డెల్టా_ఎమ్ఎన్ అంటే "వేర్వేరైతే సున్నా, ఒకటే అయితే హెచ్_ఎన్" అని రెండు వాక్యాలను ఒక వరుసలో కుదించడమే.

## మూడు పదాల రికరెన్స్

గ్రామ్–ష్మిట్‌లో ఎన్ పదాలు తీసేశాం. రికరెన్స్‌లో (ముందరి రెండు బహుపదుల నుంచి తర్వాతిదాన్ని ఇచ్చే సూత్రంలో) రెండే ఉన్నాయి. మిగతావి ఎక్కడికి పోయాయి?

సున్నా అయ్యాయి. కారణం చిన్నదే గానీ ఈ అధ్యాయం మొత్తానికి అదే ప్రాణం. రికరెన్స్ ఎక్స్^(ఎన్+1)తో కాకుండా ఎక్స్ · పి_ఎన్‌తో మొదలవుతుంది. ⟨ఎక్స్ పి_ఎన్, పి_కె⟩లో ఎక్స్‌ను రెండో వైపుకు జరపవచ్చు: ⟨పి_ఎన్, ఎక్స్ పి_కె⟩. ఎక్స్ పి_కె పరిమాణం కె + 1. అది ఎన్ కంటే తక్కువైతే పి_ఎన్ దానికి ఆర్థోగోనల్, విలువ సున్నా. కాబట్టి కె = ఎన్, కె = ఎన్ − 1 మాత్రమే మిగులుతాయి:

పి_(ఎన్+1) = (ఎక్స్ − ఆల్ఫా_ఎన్) పి_ఎన్ − బీటా_ఎన్ పి_(ఎన్−1).

ఆల్ఫా_ఎన్ = ⟨ఎక్స్ పి_ఎన్, పి_ఎన్⟩ / ⟨పి_ఎన్, పి_ఎన్⟩. బీటా_ఎన్ = ⟨పి_ఎన్, పి_ఎన్⟩ / ⟨పి_(ఎన్−1), పి_(ఎన్−1)⟩. [−1, 1] మీద వెయిట్ 1కి ఆల్ఫాలన్నీ సున్నా, బీటా_ఎన్ = ఎన్²/(4ఎన్² − 1). బీటా₂ = 4/15. అప్పుడు పి₃ = ఎక్స్(ఎక్స్² − 1/3) − (4/15) ఎక్స్ = ఎక్స్³ − (3/5) ఎక్స్. ఒక్క వరుసలో అయిపోయింది. పది బహుపదులు కావాలంటే గ్రామ్–ష్మిట్ ఎవరూ చేయరు, ఇదే చేస్తారు.

ఎక్స్‌ను అటూ ఇటూ జరపగలగడం బహుపదులకు దొరికిన వరం. మామూలు సదిశలకు ఆ సౌకర్యం లేదు కాబట్టే లీనియర్ ఆల్జీబ్రా పాఠంలో ఈ సూత్రం కనిపించదు.

పి_(−1) అని ఉంది. రుణ పరిమాణం ఉన్న బహుపదా?

కాదు. పి_(−1) = 0 అని ఒప్పందం. ఎన్ = 0 దగ్గర కూడా అదే సూత్రం పనిచేయడానికి పెట్టుకున్నది. సున్నాతో గుణిస్తున్నాం కాబట్టి బీటా₀ ఏదైనా కావచ్చు. చాలామంది దాన్ని ∫ డబ్ల్యూ డిఎక్స్‌గా తీసుకుంటారు, కంప్యూటర్ ప్రోగ్రాముల్లో అది కలిసొస్తుంది.

మరో పుస్తకంలో బీటా బదులు దాని వర్గమూలం ఉంది, పైగా మాత్రికలో పెట్టారు.

అది ఆర్థోనార్మల్ స్కేలు. ఆ స్కేలులో రికరెన్స్ సౌష్ఠవంగా మారుతుంది, గుణకాలను జాకోబి మాత్రికగా అమర్చవచ్చు: ప్రధాన వికర్ణం మీద ఆల్ఫాలు, దానికి ఇరువైపులా √బీటాలు. దాని ఐగెన్ విలువలే బహుపది శూన్యాలు. పి₂కి మాత్రిక వరుసలు (0, 1/√3), (1/√3, 0). ఐగెన్ విలువలు ±1/√3, ఎక్స్² − 1/3 శూన్యాలు కూడా అవే. రెండు బిందువుల గాస్ క్వాడ్రేచర్ (కొన్ని బిందువుల దగ్గరి విలువలతోనే సమాకలనం లెక్కగట్టే పద్ధతి) వాడేదీ వీటినే.

## పేరున్న బహుపదులు

ఫిజిక్స్ నోట్సులో హెచ్₂ = 4ఎక్స్² − 2. స్టాటిస్టిక్స్ నోట్సులో ఎక్స్² − 1. ఒకటి తప్పా?

రెండూ హెర్మైట్ బహుపదులే, వెయిట్లు వేరు. భౌతికశాస్త్రంలో వెయిట్ ఇ ఘాతం −ఎక్స్². గణాంకశాస్త్రంలో నార్మల్ వితరణకు సరిపోయేలా ఇ ఘాతం −ఎక్స్²/2. నార్మ్ వర్గాలు కూడా మారతాయి: మొదటిదానికి 2^ఎన్ · ఎన్! · √పై (పై అంటే π), రెండోదానికి ఎన్! · √(2పై). జాగ్రత్తగా రాసే పుస్తకాలు రెండోదానికి హెచ్ పక్కన చిన్న ఇ చేర్చి హెచ్ఇ_ఎన్ అంటాయి. చేర్చని పుస్తకంలో ఏది వాడారో తెలియాలంటే హెచ్₁ చూడండి. 2ఎక్స్ అయితే భౌతికశాస్త్రానిది, ఎక్స్ అయితే గణాంకశాస్త్రానిది.

పి మీద బ్రాకెట్లో (ఆల్ఫా, బీటా) ఉంది. ఘాతమా, అవకలనమా?

రెండూ కాదు. జాకోబి బహుపదుల పరామితులు: వెయిట్ (1 − ఎక్స్)^ఆల్ఫా · (1 + ఎక్స్)^బీటా అని చెబుతాయి. ఇవి రికరెన్స్‌లో వచ్చే ఆల్ఫా_ఎన్, బీటా_ఎన్ కావు, గ్రీకు అక్షరాలకు కరువు వచ్చి రెండు చోట్లా అవే వాడారు. కింద సూచిక ఉంటే రికరెన్స్ గుణకం, లేకపోతే వెయిట్ పరామితి అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

పెద్ద పి కింద ఎన్, పైన బ్రాకెట్ లేకుండా ఎమ్. ఇది కూడా బహుపదేనా?

అసోసియేటెడ్ లెజాండ్ర్ ప్రమేయం. ఎమ్ ఘాతం కాదు. ఎమ్ బేసి అయితే √(1 − ఎక్స్²) కారణాంకంగా వస్తుంది కాబట్టి అది బహుపది కూడా కాదు. ఎన్ = 1, ఎమ్ = 1కి ఒక పుస్తకంలో √(1 − ఎక్స్²), మరోదానిలో −√(1 − ఎక్స్²) ఉంటాయి. ఆ రుణ గుర్తును కాండన్–షార్ట్‌లీ ఫేజ్ అంటారు. ఎవరో ముద్రణలో తప్పు చేశారనుకుని దిద్దకండి.

హైడ్రోజన్ పరమాణువు పాఠంలో లాగెర్ బహుపది కింద ఒకచోట ఎన్ + ఎల్, మరోచోట ఎన్ − ఎల్ − 1 ఉంది. పైన రెండు చోట్లా 2ఎల్ + 1.

సూచిక పరిమాణాన్ని చెప్పని అరుదైన సందర్భం ఇది. ఇక్కడ ఎన్, ఎల్ అంటే పరమాణువు క్వాంటం సంఖ్యలు. కొత్త పద్ధతిలో కింది సూచికే పరిమాణం: ఎన్ − ఎల్ − 1. పాత పద్ధతిలో ఎన్ + ఎల్ పరిమాణపు బహుపదిని 2ఎల్ + 1 సార్లు అవకలనం చేసినది అని అర్థం. ఎన్ + ఎల్ నుంచి 2ఎల్ + 1 తీసేస్తే మళ్లీ ఎన్ − ఎల్ − 1 వస్తుంది. బహుపది ఒకటే, ముందుండే స్థిరాంకం మాత్రం వేరు. పైగా పాత పుస్తకాల్లో లాగెర్ బహుపది, పెద్ద ఎల్₂ = ఎక్స్² − 4ఎక్స్ + 2, కొత్తవాటిలో దానిలో సగం. నార్మలైజేషన్ స్థిరాంకాన్ని ఒక పుస్తకం నుంచి, బహుపదిని ఇంకో పుస్తకం నుంచి తెచ్చుకోవద్దని భౌతికశాస్త్రం విద్యార్థులకు ప్రతిసారీ చెప్పేది ఇందుకే.

చెబిషెవ్ బహుపదులకు టి ఎందుకు? సి కావాలి కదా?

ఫ్రెంచివారు, జర్మనులు ఆయన పేరును టితో మొదలుపెట్టి రాసేవారు. అంతకంటే ముఖ్యమైనది: టి_ఎన్(కాస్ థీటా) = కాస్(ఎన్ థీటా), వెయిట్ 1/√(1 − ఎక్స్²), నార్మ్ వర్గం ఎన్ = 0కి π, మిగతా అన్నింటికీ π/2. ఆ ఒక్క మినహాయింపు మరిచి మార్కులు పోగొట్టుకునేవారు చాలామంది.

## కొలతలతో కట్టేటప్పుడు

నా దగ్గర ప్రమేయం లేదు, గంటకొకటి చొప్పున కొలతలు ఉన్నాయి. సమాకలనం ఎక్కడ చేయాలి?

చేయనవసరం లేదు. ∫ స్థానంలో ∑ వస్తుంది. విశాఖ తీరంలో ఆటుపోట్లు రోజుకు రెండుసార్లు, ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. పోటు శిఖరం దగ్గర ఐదు గంటల నీటిమట్టాలు తీసుకున్నామనుకోండి. మధ్య గంటను 0గా పెట్టి, కాలాన్ని టి = −2, −1, 0, 1, 2 అనండి. ⟨ఎఫ్, జి⟩ = ∑ ఎఫ్(టి) జి(టి).

పి₀ = 1, నార్మ్ వర్గం 5. పి₁ = టి, నార్మ్ వర్గం 10. పి₂ = టి² − 10/5 = టి² − 2, విలువలు 2, −1, −2, −1, 2, నార్మ్ వర్గం 14. పి₃ = టి³ − (34/10) టి. దీని విలువలను 1.2తో భాగిస్తే −1, 2, 0, −2, 1.

గణాంకశాస్త్ర పట్టికల్లో ఐదు బిందువుల దగ్గర కనిపించే అంకెలు ఇవే. పట్టికలో బహుపదులు ఉండవు, వాటి విలువలు మాత్రమే ఉంటాయి, అదీ పూర్ణాంకాలయ్యేలా స్కేలు మార్చి. నీటిమట్టం వై అయితే ∑ వై(టి) పి₂(టి) / 14 అన్నది పోటు శిఖరం ఎంత వంపుగా ఉందో చెబుతుంది. శిఖరం కాబట్టి రుణ సంఖ్య రావాలి. ధన సంఖ్య వస్తే కొలతలను తిరగేసి చూడండి.

ఐదు బిందువులతో పి₅ కడితే నార్మ్ సున్నా వచ్చింది. ఎక్కడ తప్పు?

ఎక్కడా లేదు. పి₅ = టి(టి² − 1)(టి² − 4), అది ఐదు బిందువుల దగ్గరా సున్నాయే. ఐదు బిందువులు పి₀ నుంచి పి₄ దాకా ఐదు బహుపదులనే భరిస్తాయి. సమాకలనంతో ఇలా ఎప్పుడూ జరగదు కాబట్టి పుస్తకాలు "ఎన్ = 0, 1, 2, …" అని చుక్కలు పెట్టి వదిలేస్తాయి. కొలతల విషయంలో ఆ చుక్కలకు ముగింపు ఉంటుంది.

## రాసేటప్పుడు

చేతిరాతలో ఏ గుర్తులు ఎక్కువ ఇబ్బంది పెడతాయి?

వెయిట్ కోసం వాడే డబ్ల్యూ, ఒమేగా రెండూ ఒకేలా పడతాయి. ఫోరియర్ పాఠం కూడా అదే పరీక్షలో ఉంటే ఇది పెద్ద చిక్కు. వెయిట్‌కు రో వాడేవారున్నారు గానీ రో చిన్న పిలా కనిపిస్తుంది, ఈ అధ్యాయంలో అంతకంటే చెడ్డ ఎంపిక లేదు. చిన్న పి మోనిక్‌కు, పెద్ద పి లెజాండ్ర్‌కు అని పెట్టుకుంటే రెండింటి ఎత్తులో తేడా బాగా చూపండి. సూచికలను వరుస కిందకు దించి రాయండి. పి₂ అన్నది పి² అయిపోతే దిద్దేవారు దాన్ని వర్గంగానే చదువుతారు.